అప్పలకొండ సర్వరు, గవరయ్య కుళ్లు

వేసవి ముదిరిందంటే ఆ అడవి మడుగులో నీళ్లు అడుగంటుతాయి. తోపులాట లేకుండా జంతువులకి వంతు చీటీలివ్వడానికి సింహం రెండు రేవుల్లోనూ సర్వరు మిషన్లు పెట్టించింది. తూర్పు రేవు నక్క గవరయ్యది, పడమటి రేవు ఎద్దు అప్పలకొండది. ఈ ఏడు పడమటి రేవుకి మాత్రం కొత్త సర్వరొచ్చింది. మెమరీ పాతదానికి నలభై రెట్లు!

అంతే, గవరయ్యకి తిండి సయించలేదు. ‘ఆ మొద్దుకి అంత మెమరీయా? నేనేం పాపం చేశాను?’ అని రగిలిపోయాడు.

తీరా చూస్తే కొత్త సర్వరు మొదటి రోజే నత్తనడక నడిచింది. గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. అప్పలకొండ తొణకలేదు. నెమరేస్తూ రెండు రోజులు దాని ముందే కూర్చుని సంగతి పట్టేశాడు. ఇచ్చిన చీటీల వివరాలు ముందు మెమరీలో పడతాయి. అందులో పదో వంతు నిండాక, మొత్తం ఒక్కసారే డిస్కుకి ఎక్కుతుంది. ఎక్కేదాకా కొత్త చీటీ రాదు. పాత మిషన్లో పదో వంతంటే గుప్పెడు, ఇందులో కొండంత, ఎక్కడానికి చాలాసేపు పడుతుంది! అందుకని ‘పదో వంతు’ అన్న ఆ అంకెని బాగా తగ్గించేశాడు. సర్వరు పరుగందుకుంది.

గవరయ్య తొంగి చూసి ఆ అంకె కనిపెట్టాడు. ఒక్క పరుగున సింహం దగ్గరికెళ్లాడు.

“ప్రభూ, అంత మెమరీనీ ఆ ఎద్దు కట్టిపడేశాడు. వందో వంతు కూడా నిండనివ్వడు. నాకిచ్చి చూడండి!”

సింహం ఆవులించింది. “సరే, మార్చుకోండి. రేపు ఎవరి రేవులో వరస ఆగితే వాళ్లకిక రేవు లేదు.”

మిషను అప్పగిస్తూ అప్పలకొండ అన్నాడు: “ఏమైనా చేసుకో గానీ గవరయ్యా, ఆ అంకె జోలికి మాత్రం పోకు.”

“అబ్బో, నాకు చెప్పొచ్చావా! నీకంటే జోరుగా నడిపేస్తానని కుళ్లు!” అని, వాడు అటు తిరగ్గానే ఆ అంకెని సగం మెమరీ దాకా పెంచేశాడు.

పొద్దున చీటీలు టపటపా రాలాయి. “చూశావా అప్పలకొండా!” అని అవతలి రేవుకి వినబడేలా అరిచాడు. ఎండెక్కేసరికి సగం మెమరీ నిండింది. తెర బిగుసుకుపోయింది.

“ఏమైందయ్యా?” అంది దుప్పి.

“ఒక్క నిమిషం!”

“ఇందాకట్నుంచీ అదే మాట! నా పిల్ల సొమ్మసిల్లుతోంది, కళ్లు లేవా నీకు?”

“నేనేం చెయ్యను? మెమరీ చాలట్లేదు! ఇంకా వేయించాలి!”

వరస మొత్తం పడమటి రేవుకి మళ్లింది. అక్కడ గవరయ్య ఇచ్చిన పాత మిషను మీద అప్పలకొండ చీటీలిస్తూనే ఉన్నాడు.

సింహం వచ్చింది. “వాడు చెడిపోయిన మిషను అంటగట్టాడు ప్రభూ!” అన్నాడు గవరయ్య.

“నిన్నటిదాకా బాగానే నడిచిందిగా. నువ్వేం మార్చావు?”

గవరయ్య జరిగి తెరకి అడ్డం నిలబడ్డాడు. సింహం రెండు రేవులూ అప్పలకొండకే ఇచ్చేసింది. వరసలో చిట్టచివర నిలబడి గవరయ్య పళ్లు నూరుకున్నాడు: ‘ఇప్పుడు రెండూ వాడికే!’

నీతి: పక్కవాడి సొత్తు మీదే కన్నున్నవాడికి, దాన్ని వాడెలా వాడుతున్నాడో కనబడదు.