బురుజు మెట్లదారి

“ఒరేయ్ గుర్రప్పా! పారిపోయిన పిరికివాడివి నీకెందుకురా కాపలా? కోట తాళాలు ఇక్కడ పెట్టేసి పో!” అని రాజుగారి ముందే గర్జించాడు సేనను నడిపే దళవాయి వీరభూపతి. నిన్న బురుజెక్కి శత్రువుల మీద బండలు దొర్లించింది తానొక్కడేనట.

“పోతాను దొరా,” అన్నాడు గుర్రప్ప. “తమరు నిలబడ్డ చోటికి దండం పెట్టుకుని పోతాను. పైకెక్కి చూపించండి.”

పొద్దుటి ఎండలో బురుజు బంగారంలా మెరుస్తోంది. శత్రువులు గుంపుగా ఎక్కకూడదని దాని మెట్లదారిని ఒక్క బక్కమనిషి పట్టేలా కట్టారు. నాలుగో మెట్టు మీదే దళవాయి బొజ్జ ఇరుక్కుంది.

“లాగరా!”

“నిన్న ఎలా దిగారో అలాగే దిగండి దొరా.”

రాజుగారు పకపకా నవ్వారు. గోడల మధ్యనుంచి ఏడుపుగొంతు వినబడింది: “నేనెక్కలేదు మహాప్రభో! గాదెలో దాక్కున్నాను. బండలు దొర్లించింది గుర్రప్పే!”