ముప్ఫై డిగ్రీల దగ్గర

కోదండపాణికి నాలుగేళ్లుగా ఒకటే పని. ఇనుముతో అతను తయారుచేసిన ఒక పొడి వేడికి రంగు మారుస్తుంది. చల్లగా ఉంటే వంగపండు రంగు. అప్పుడు అయస్కాంతం దగ్గరకు తెచ్చినా ఉలకదు. వేడెక్కితే తెల్లబడుతుంది. లోపలి ఇనుములో జతలు కట్టి కూర్చున్న ఎలక్ట్రాన్లు విడిపోతాయి, అయస్కాంతం పిలిస్తే పలుకుతాయి. ఆ మార్పు నలభై డిగ్రీల దగ్గర వస్తుందని పాణి తేల్చాడు. వ్యాసం కూడా రాసి పెట్టుకున్నాడు.

ఆ ఏడే ప్రయోగశాలలో చేరిన సాలోమీ అదే పొడిని కొలిచింది. ముప్ఫై డిగ్రీల దగ్గరే తెల్లగా ఉందని, అయస్కాంతం వైపు వస్తోందని నోట్‌బుక్కులో రాసుకుంది.

అది చూసి పాణికి ఒళ్లు మండింది. కొలవకుండానే అంకెలు వేశావన్నాడు, నలుగురి ముందు.

"చూసిందే రాశానన్నా," అంది ఆ అమ్మాయి. మరి మాట్లాడలేదు.

ఆ మౌనం అతనికి తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది. ఆమెను ఈ పని నుంచి తప్పించమని కాగితం రాసి, మధ్యాహ్నం వకుళాదేవి గారి గదికి పట్టుకెళ్లాడు. ఇద్దరికీ ఆవిడే గురువు.

ఆవిడ కాగితం చదివి బల్ల మీద పెట్టారు.

"నీ పొడి ఉందా?"

"ఉంది మేడమ్. నేను చేసిందే."

ఆవిడ అతనిచ్చిన సీసాలోంచి చెంచాడు పొడి తీసి రెండు చిన్న గొట్టాల్లో పోశారు. ఒకటి ఐసుముక్కల్లో గుచ్చారు. రెండోది మరిగిన నీళ్లలో నిలబెట్టారు. ఆ తర్వాత ఎవరివో పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దుకుంటూ కూర్చున్నారు.

పాణి నిలబడే ఉన్నాడు.

కాసేపటికి రెండు గొట్టాలూ తుడిచి, బల్ల మీద పక్కపక్కన పెట్టారు. గోడ మీది థర్మామీటరు ముప్ఫై చూపిస్తోంది. మళ్లీ పేపర్లు దిద్దారు. అరగంట పోయాక, తల ఎత్తకుండానే అన్నారు:

"పట్టుకుని చూడు. ఏది వేడిగా ఉంది?"

రెండూ పట్టుకున్నాడు. "తేడా లేదు మేడమ్. రెండూ గది వేడికే వచ్చాయి."

అన్నాక గానీ వాటి రంగు చూడలేదు. ఐసులోంచి వచ్చింది వంగపండు రంగులో ఉంది. వేడినీళ్లలోంచి వచ్చింది తెల్లగా ఉంది, సున్నంలా.

ఇంకో పావుగంట ఆగాడు. తెల్లది తెల్లగానే ఉంది.

నాలుగేళ్లలో అతను ఆ పొడిని చలి నుంచి వేడికి తీసుకెళ్తూనే కొలిచాడు. వేడెక్కి తెల్లబడ్డాక వెనక్కి చల్లారుస్తూ ఒక్కసారీ కొలవలేదు. టైము దండగ అనుకున్నాడు.

"సాలోమీ ఈ పొడిని ఎక్కణ్నుంచి తీసింది?" అని అడిగారు వకుళాదేవి గారు.

"తెలీదు మేడమ్... ఆరబెట్టే పొయ్యిలోంచి అయ్యుండాలి. అది అరవై డిగ్రీల్లో ఉంటుంది."

"అయ్యుండాలా? ఆ అమ్మాయిని అడగలేదా?"

"లేదు మేడమ్."

ఆవిడ రెండు గొట్టాలూ అతని చేతిలో పెట్టారు.

"వీటిలో అబద్ధమాడుతున్నది ఏదో చెప్పు. నీ కాగితం మీద సంతకం పెడతాను."