ఎద్దు తలవాడి పళ్ళు

హెర్మోన్ గురువుగారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. గ్రీకు దేశపు ఆ చిన్న దీవిలో ఆయన దగ్గర చదువుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అడిగినవాడు తన మాట తనే మరిచిపోయేదాకా ఊరుకుని, అప్పుడు ఎక్కడో జరిగిన ఓ చిన్న సంగతి మొదలుపెట్టేవారు.

ఒకరోజు అల్కిమ అనే శిష్యుడు ఆయన్ని అడిగాడు. తల మీద వెంట్రుకలకు బదులు పాములున్న ఆడది, నుదుట ఒకే కన్నున్న కొండంత మనిషి, పాటలు పాడి ఓడలను ముంచే ఆడముఖం పక్షులు, ఇన్ని రకాల రాకాసులను గురించి పెద్దవాళ్ళు చెబుతారు కదా, "ఎదురుపడితే, ఇది రాకాసి అని దేన్ని చూసి గుర్తుపట్టాలి గురువుగారూ?" అన్నాడు.

 ఎండ వాలాక ఆయన చెట్టు కింద రాలిన ఒలీవ కాయలు ఏరుతూ చెప్పారు.

పెద్ద దీవిలో రాజు నేల కింద ఒక ఇల్లు కట్టించాడు. లోపలికి వెళ్ళినవాడు దారి తెలియక తిరగటమే గానీ బయటికి రాలేడు. అందులో ఎద్దు తల, మనిషి ఒళ్ళు ఉన్నవాణ్ణి పెట్టారు. వాడు మనుషుల్ని తింటాడన్నారు. మొదట ఎవరన్నారో ఎవరికీ గుర్తు లేదు. ఏటేటా చీట్లు వేసి, ఏడుగురు పిల్లల్ని వాడి దగ్గరికి పంపేవాళ్ళు.

ఆ ఊళ్ళో మెలిత అని, పశువులు మేపుకు బతికే ఆవిడ ఒకతె ఉండేది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు, పేరు రోది. ఆ నేల కింది ఇంటి మీద మొలిచిన పచ్చికలోనే ఆవులను తోలేది. సాయంత్రమయ్యేసరికి కింద నుంచి అరుపు వినిపించేది. అది విని జనం తలుపులేసుకునేవాళ్ళు. మెలిత మాత్రం మొదటి రోజే ఆ అరుపు గుర్తుపట్టింది. పశువు కోపంతో రంకె వేస్తే ఒకలా ఉంటుంది, మేత కోసం అరిస్తే ఇంకొకలా ఉంటుంది. ఇది మేత కోసం. తనలో తను అనుకుందే గానీ పైకి అనలేదు. అంటే నవ్వుతారు, రాకాసికి గడ్డిమోపు మొయ్యమంటున్నావా అని ఏడిపిస్తారు. నలుగురిలో నోరు విప్పటం ఆవిడకు అలవాటు లేదు.

ఆరో ఏట చీటీ రోదికి వచ్చింది. మెలిత పెద్దమనుషుల దగ్గరికి పరిగెత్తి, వాళ్ళ ముందు నిలబడి, ఒక్క మాటా పెగలక ఏడ్చి తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు పిల్ల, అది కొరికితే బాగా నొప్పెడుతుందా అమ్మా అని అడిగింది. మెలిత పిల్ల జడ సర్దింది. ఆ రోజు నుంచి కింద వినపడేది కోపపు అరుపే అని తనకు తను నచ్చజెప్పుకుంది. అలా అనుకోకపోతే ముద్ద దిగదు.

ఇంకో మూడేళ్ళకు పరాయి ఊరి వీరుడొకడు తిరిగి రావటానికి గుమ్మానికి దారం కట్టుకుని లోపలికి దిగి వాణ్ణి చంపాడు. తలను తెచ్చి సంతలో బల్ల మీద పెట్టారు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ముందు, మిగతా ఊరంతా వాళ్ళ వెనక, వరసగా వచ్చి తలో రాయీ వెయ్యాలన్నారు. లోపల మూలమూలల్లో పిల్లల ఎముకలు ఒక్కటీ విరగకుండా పడి ఉన్నాయని, ఆ దారం వెంటే వెళ్ళి చూసొచ్చిన బంటు ఒకడు చెబుతూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మెలిత వంతు వచ్చింది. ఆవిడ రాయి వెయ్యకుండా దగ్గరికి వెళ్ళింది. సంతలో ఎద్దును కొనేవాళ్ళు చేసే పనే చేసింది, చెయ్యి దానంతటదే వెళ్ళింది. పెదవి ఎత్తి పళ్ళు చూసింది.

"బేరమాడతావా ఏంటి మెలితక్కా? ఎన్ని పళ్ళు వేసిందో మాకూ చెప్పు," అన్నాడు వరసలో ఒకడు. కొందరు నవ్వారు.

పై దవడకు ముందు పళ్ళు లేవు. ఏ ఆవుకూ ఉండవు. కోరలు అసలే లేవు. లోపలి పళ్ళ సందున పచ్చగా ఏదో ఇరుక్కుని ఉంటే గోటితో తీసి చూసింది. గోడల మీది నాచు. రాళ్ళు నాకి నాకి నాలుక నున్నగా అరిగిపోయింది.

 ఆవిడ వాడి పెదవి మెల్లగా మూసి, వెనక్కి తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురికీ వినపడేలా మాట్లాడింది.

"ఇది గడ్డి తినే నోరు. వీడు మన పిల్లల్ని ముట్టలేదు. దారి తెలియక, తిండి లేక పోయారు. మనం పంపబట్టి పోయారు. నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు, చెప్పలేదు."

గురువుగారు అక్కడ ఆపేసి మళ్ళీ కాయలు ఏరుకోసాగారు. అల్కిమ ఎంతసేపు చూసినా ఆయన తల ఎత్తలేదు. చివరికి అతనే, ఆవిడ చెప్పింది ఊళ్ళోవాళ్ళు విన్నారా అని అడిగాడు.

"విన్నాం నాయనా," అన్నారాయన. "కానీ అప్పటికే అందరి చేతుల్లో రాళ్ళున్నాయి, నా చేతిలోనూ."