పదిహేడో నంబరు పానా

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద కార్ల మెకానిక్ షెడ్డు నడిపే సన్యాసినాయుడు మేస్త్రికి ఒక అలవాటుంది. శిష్యుడు ఏదైనా అడిగితే జవాబు చెప్పడు. బండి ఎక్కించుకుని ఎక్కడికో తీసుకెళ్తాడు. ఆ షెడ్డుకు ఒక ఆచారమూ ఉంది. పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకునే శిష్యుడికి మేస్త్రి తాను వాడే పదిహేడో నంబరు పానా ఇస్తాడు. ఇంజను అడుగున పాత ఆయిల్ దించే బోల్టు విప్పేది దాంతోనే. ఇచ్చాక కొత్తది కొని, మళ్లీ ఏళ్ల తరబడి తన చేతికి అలవాటు చేసుకుంటాడు. నలభై ఏళ్లలో ఆ పానా ముగ్గురికే దక్కింది.

నాలుగోవాణ్ని నేనే అని ఇప్పటి శిష్యుడు గౌరీశు నమ్మకం. ఆరేళ్లు నమ్మకంగా పనిచేశాడు, చేతిలో పనితనం ఉంది, ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు. వచ్చే గురువారం మాకవరపాలెంలో అతని షెడ్డు తెరవాలి. పానా లేకుండా తెరిస్తే ఆ చుట్టుపక్కల డ్రైవర్లెవరూ అతన్ని నాయుడుగారి శిష్యుడని ఒప్పుకోరు. అలాంటప్పుడు ఒకరోజు అడిగాడు: "గురువుగారూ, అన్నిటికంటే మంచి ఇంజనాయిల్ ఏది?"

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఆదివారం లంబసింగి ఎళ్దాం" అన్నాడు.

గౌరీశు అంతవరకు ఆగితే ఈ కథే లేదు. మేస్త్రికి తొంభై తొమ్మిది నాటి తెల్ల డీజిల్ కారొకటి ఉంది. ఐదు లక్షల కిలోమీటర్లు దాటినా దాని ఇంజను ఎవరూ విప్పలేదు. మేస్త్రి తన గురించి గొప్పలు చెప్పుకోగా ఎవరూ వినలేదు గాని, ఆ ఇంజను గురించి అడిగితే మాత్రం టీ చల్లారిపోయేదాకా చెబుతాడు. అలాంటి కారుకు గురుదక్షిణగా అన్నిటికంటే మంచి ఆయిల్ పోయాలని గౌరీశుకు తోచింది. విశాఖపట్నం వెళ్లి, కొట్లో ఉన్నవాటిలో ఖరీదైన డబ్బా తెచ్చాడు. శనివారం సాయంత్రం మేస్త్రి కారును షెడ్డులోనే వదిలి ఇంటికి వెళ్లగానే పాతది దించి, ఫిల్టరు మార్చి, తేనెరంగులో మెరిసే కొత్తది పోశాడు. రేపు ఘాటీ ఎక్కాక చెబితే ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుని మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి ఎప్పటిలాగే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే గేజి కర్ర బయటికి లాగి చూశాడు. చివరనున్న చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్దాడు. కర్ర పెట్టేసి, షెడ్డులోంచి ఏవో తెచ్చి డిక్కీలో సర్ది, తాళాలు గౌరీశు చేతికిచ్చాడు. కారు మలుపు తరవాత మలుపు బరువుగా ఎక్కింది. లంబసింగిలో టీ కొట్టు ముందు ఆపి, బండి స్టార్టింగులోనే ఉంచాడు గౌరీశు. డబ్బా సంగతి చెప్పబోతుండగా మీటర్ల మధ్య ఎర్ర దీపం ఒకటి మినుకుమంది. అది ఆయిల్ దీపం. ఆరింది, మళ్లీ వెలిగింది. బానెట్ కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఆరేళ్లలో ఆ ఇంజను నోట గౌరీశు అలాంటి చప్పుడు వినలేదు. మేస్త్రి చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఇప్పుడు సెప్పు. ఏటి పోసేవు?"

గౌరీశు చెప్పాడు. దాచలేదు, సాకులు చెప్పలేదు. మేస్త్రి సీటు ముందున్న సొరుగు తెరిచి, కారుతో వచ్చిన పుస్తకాన్ని అతని ఒళ్లో పెట్టాడు. ఆరేళ్లు ఆ సీట్లో కూర్చున్నా గౌరీశు ఆ సొరుగు తెరిచినవాడు కాదు. నూనె వేలిముద్రలు పడ్డ పేజీలో ఉంది: ఆయిల్ చిక్కదనం పదిహేను డబ్ల్యూ నలభై, డీజిల్‌కు సీఎఫ్ ఫోర్ తరగతి, లేదా అదే వరసలో పైది. తాను పోసింది ఐదు డబ్ల్యూ ముప్పై. పొగను వడకట్టే ఫిల్టరున్న కొత్త డీజిల్ కార్ల కోసమని డబ్బా మీదే రాసుంది. అంత పల్చటి నూనె, ఇన్నేళ్లు అరిగి వదులైన ఇంజనులో వేడెక్కాక ఒత్తిడి నిలబెట్టలేకపోయింది. గౌరీశుకు తల కొట్టేసినట్టయింది.

"పొద్దున్నే తెలిసిపోయింది కదా గురువుగారూ. ఇంత ఇంజన్ని ఎందుకు పణం పెట్టేరు?"

"నేను సెప్తే నా మీద గౌరవంతో వింటావు. ఆ ఇంజనే సెప్తే..." అని మేస్త్రి ఆగి, వెనక డిక్కీ వైపు చూపించాడు.

అక్కడ పళ్లెం, ఖాళీ డబ్బా, ఫిల్టరు, పదిహేను నలభై డబ్బా సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కన ఆ పానా ఉంది. ఇంజను కాస్త చల్లారాక గౌరీశు కారు కిందికి దూరాడు. అంత ఖరీదైన ఆయిలూ చుక్క నేలమీద పడకుండా పళ్లెంలోకి దించి, ఖాళీ డబ్బాలో పోసి మూత పెట్టాడు. ఫిల్టరు మార్చి, పుస్తకంలో రాసినన్ని లీటర్లు కొలిచి కొత్తది పోశాడు. స్టార్టు చేస్తే ఎర్ర దీపం ఆరిపోయింది. ఈసారి పావుగంట చూసినా మినుకుమనలేదు. ఐదు లక్షల కిలోమీటర్ల ఆ ఇంజను ఎప్పటిలా నిండుగా, నిదానంగా ఆడుతుంటే టీ కొట్టు దగ్గర డ్రైవర్లు తల తిప్పి చూశారు. ఆ నిమిషంలో గౌరీశుకు గర్వంతో ఒళ్లు పులకరించింది. తన పనితనం అప్పుడతనికి గుర్తుకే రాలేదు.

పానాను శుభ్రంగా తుడిచి, తలొంచుకుని రెండు చేతులతో మేస్త్రికి తిరిగివ్వబోయాడు. మేస్త్రి అందుకోలేదు.

"గురువారం నీ షెడ్డుకి ఎవడో పాత డీజిల్ కారు తెచ్చి, అన్నిటికంటే మంచి ఆయిల్ పొయ్యమంటాడు. ఏటంటావు?"

గౌరీశు తలెత్తాడు. "ఏ సంవత్సరం బండి, ఎంత తిరిగింది, దాని పుస్తకం ఏదీ అని అడుగుతాను."

మేస్త్రి కళ్లు చెమ్మగిల్లాయి. అది కనిపించకుండా కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"మరింకా పానా పట్టుకుని నిలబడ్డావేటి? జేబులో ఎట్టుకో."