పదమూడు ఆటల కెప్టెను

సన్యాసిరాజుకు కావలసిందల్లా కరీముల్లా మాస్టారి సంతకం. అది పడితే వడ్రంగి పని మొదలుపెడతాడు. కాలేజీ వార్షికోత్సవం నాటికి హాలు గోడకు టేకు పలక ఎక్కుతుంది. దాని మీద ఏం చెక్కాలో రాజే స్వయంగా రాసుకొచ్చాడు. మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి కుదిర్చాడు.

యుద్ధం నాలుగో ఏట ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పదమూడు ఆటలు ఆడి పదమూడూ గెలిచింది. బియ్యానికి క్యూ, కిరసనాయిలుకు క్యూ, సముద్రం మీంచి ఎప్పుడే విమానం వస్తుందోనని గుబులు. బంతిలో బ్లాడరు చిరిగితే కొత్తది దొరికేది కాదు, రబ్బరు పండే దేశాలన్నీ జపానువాళ్ళ చేతిలో ఉన్నాయి. డ్రిల్లు మాస్టారు కరీముల్లాయే కూర్చుని అతుకులు వేసేవాడు. ఆ అతుకుల బంతితోనే కుర్రాళ్ళు జిల్లా అంతా దున్నేశారు. కెప్టెను సన్యాసిరాజు. ఆ సంగతి అతను మరిచిపోలేదు, ఇంకొకరిని మరిచిపోనివ్వలేదు కూడా.

షీల్డు ఇచ్చిన రోజు వేదిక మీద సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే ఆఫీసరు కూడా ఉన్నాడు. ఇలాంటి కుర్రాళ్ళే మాకు కావాలి అన్నాడాయన. మెడలో పూలదండ ఉన్నప్పుడు మనిషి నోటికి ఏ మాటైనా తేలిగ్గా వచ్చేస్తుంది. "జట్టంతా వస్తాం సార్!" అనేశాడు రాజు, ఎవర్నీ అడక్కుండా. ఒకటే చప్పట్లు. అంతమంది ముందు నేను రానని ఎవడంటాడు?

ముగ్గురు ఏవో వంకలు చెప్పి తప్పించుకున్నారు. ఎనిమిదిమంది వెళ్ళి వరుసలో నిలబడ్డారు. ఏడుగురిని తీసుకున్నారు. తీసుకోనివాడు రాజు. అరికాళ్ళు చదునుగా ఉన్నాయట, కవాతుకు పనికిరావట! పదమూడు ఆటలు గెలిపించిన కాళ్ళు!

ముఖం చెల్లక అతను ఆ సాయంత్రం రైలుకే మేనమామగారి ఊరు వెళ్ళిపోయాడు. తప్పిన పరీక్ష మళ్ళీ రాద్దామని ఏడాదిన్నర తర్వాత ఇప్పుడు వచ్చాడు. ఈలోగా బర్మా వైపు నుంచి రెండు టెలిగ్రాములు వచ్చాయి. ఒకటి గోల్‌కీపరు వెంకటాచలం ఇంటికి, ఒకటి డేవిడ్ ఇంటికి.

మాస్టారు ఆటసామాను గది మెట్ల మీద కూర్చుని కాగితం చదివాడు. ఓటమి ఎరుగని జట్టు. నాయకుడు సాగి సన్యాసిరాజు. ఆ కింద ఆటగాళ్ళ పేర్లు. ఆఖరున, వీరస్వర్గం అలంకరించినవారు వెంకటాచలం, డేవిడ్.

"ఎలా ఉందండీ మాస్టారూ?"

"దస్తూరీ బాగుంది." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సీజను అయిపోయిందా, రాజూ?"

"అయిపోయి ఏడాదిన్నర దాటింది కదండీ."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "పద."

బజారు దాటి జనపనార మిల్లు వైపు మళ్ళేసరికి ఎక్కడికి తీసుకెళ్తున్నాడో రాజుకు అర్థమైంది. అతని కాళ్ళు వెనక్కి లాగాయి.

మాస్టారి జట్టులో ఒక పద్ధతి ఉంది. పై ఊళ్ళో ఆట ఉంటే ముందురోజు కెప్టెను ఇంటింటికీ వెళ్ళి తల్లుల్ని అడగాలి. తిరిగొచ్చాక ఒక్కొక్కణ్ణీ గుమ్మం దాకా తెచ్చి, ఇదిగోనమ్మా మీ అబ్బాయి అని అప్పగించి, అప్పుడు తన గదికి పోవాలి. గెలిచినా అంతే, ఓడినా అంతే. ఆ పదమూడు ఆటలకూ రాజు ఏ ఒక్క ఇల్లూ తప్పించలేదు. సైన్యంలో చేరేటప్పుడు మాత్రం ఏ తల్లినీ అడగలేదు. ఇది ఆట కాదు కదా అనుకున్నాడు.

"ఆ రోజు వేదిక కింద మీరూ ఉన్నారు. ఒక్క మాట అనలేదు, మాస్టారూ," అన్నాడు రాజు ఉక్రోషంగా.

"అనలేదు. అందుకే నేనూ వస్తున్నాను."

లెఫ్ట్ వింగ్ ఆడిన గౌరునాయుడి తల్లి పైడమ్మ అరుగు మీద కూర్చుని రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది. రాజుని చూసి గబుక్కున లేచింది. చేట ఒరిగి బియ్యం నేలపాలయ్యాయి. ఆమె అతని ముఖం కూడా సరిగ్గా చూడలేదు. అతని భుజం మీదుగా సందు చివరికి చూసింది.

"ఒచ్చేశారా బాబూ! మా గుంటడేడీ? ఎనకాలొస్తన్నాడేటి?"

రాజు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సందులోనే ఆగిపోయి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లేదమ్మా. నేను... నేను వెళ్ళలేదు. నన్ను తీసుకోలేదు."

"నువ్వు ఎల్నేదా?"

"లేదమ్మా. కాళ్ళు బాగాలేవన్నారు."

ఆమె అతని కాళ్ళ వైపు చూసింది. ఎంతసేపు చూసినా వాటిలో వంక ఏమిటో ఆమెకు కనపడలేదు.

"మరి ఆడితో ఎవులున్నారు?"

రాజు మళ్ళీ మాస్టారి వైపు చూశాడు.

"ఆడు ఉత్తరాల్లో ఈ మాట రాయనేదు. నాలుగు నెల్ల బట్టీ అసలు ఉత్తరవే నేదు. నువ్వున్నావు కదాని నాను ఒక్క పూటా బెంగెట్టుకోనేదు బాబూ."

తిట్టలేదు, ఏడవలేదు. కూర్చుని మట్టిలోంచి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. రాజు కూడా కూర్చోబోయాడు.

"ఒద్దులే బాబూ. నానేరుకుంటాను," అంది తలెత్తకుండా.

ఎలా బయటికొచ్చాడో అతనికే తెలియదు. సందు మలుపులో గోడ పట్టుకుని నిలబడ్డాడు. బతికి ఉన్నందుకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. మాస్టారు పక్కనే, అతని ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.

"ఇక కాలేజీకి పోదామండీ," అన్నాడు రాజు.

"ఇంకా ఆరిళ్ళున్నాయి," అన్నాడు మాస్టారు. "వెంకటాచలం వాళ్ళది ఈ పక్క వీధే."