గుండ్రటి బాట మీద పింజన్న

పింజన్న అనే కుందేలుకు ఒక సుగుణం ఉంది. మంచుకొండ మీద తనంత వేగంగా పరుగెత్తేవాడు లేడన్న సంగతి తానే అందరికీ చెప్పుకుంటాడు. ఆ శ్రమ ఇంకొకరికి పెట్టడం మర్యాద కాదని వాడి ఉద్దేశం.

నిజానికి వాడిని బతికిస్తున్నది పరుగు కాదు, పాదాలు. చాటల్లా వెడల్పైనవి, నిండా బొచ్చు. మెత్తటి మంచు మీద వాడు తేలిపోతాడు. వెంటపడ్డ నక్క పొట్టదాకా కూరుకుపోతుంది.

ఆ చలికాలం మనుషులు వచ్చి, దేవదారు చెట్ల చుట్టూ మంచు అణగదొక్కి బాట వేశారు. కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకుని, రెండు చేతులా కర్రలు పట్టుకుని, సుయ్ సుయ్‌మని దాని మీద జారుకుంటూ తిరుగుతున్నారు. స్కీయింగట. కస్తూరి జింకల్లో పెద్దది సింగారవ్వ అందరినీ పిలిచి హెచ్చరించింది. వాళ్లు పోతుంటే కదలొద్దు, వాళ్లు బాట దిగరు. చలికాలంలో ఒంట్లో కొవ్వే మనకు గాదె, బెదిరి పరుగెత్తిన ప్రతిసారీ గాదె తరుగుతుంది. ఆ బాట మాత్రం పొరపాటున కూడా ఎక్కొద్దు.

"పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలురా" అంది చివరికి.

పరుగు రానివాళ్లకు ఆ సామెత బాగానే ఉంటుందనుకున్నాడు పింజన్న.

ఒక ఉదయం బాట మీద రాగెమ్మ అనే నక్క కూర్చుని ఉంది. మూడు రోజులుగా దాని కడుపులో ఏమీ పడలేదు. ఆ సంగతి మింగేసి తీయగా పలకరించింది.

"తమ్ముడూ, నీ పరుగు గురించి కొండంతా చెప్పుకుంటోంది. చెప్పేది నువ్వొక్కడివేనని గిట్టనివాళ్లు అంటున్నారనుకో."

"ఎవరక్కా అన్నది?"

"పోనీలే. వాళ్లన్నదాంట్లోనూ న్యాయముంది. దూది మీద గెంతితే పరుగెలా అవుతుంది? ఈ గట్టి బాట మీద ఒకసారి పరుగెత్తు. నాకు అందకపోతే కొండ కొండకీ తిరిగి నేనే చాటుతా."

పింజన్న ముప్ఫై గెంతుల దూరం ముందుగా ఇమ్మని అడిగి పుచ్చుకుని బాటెక్కాడు.

గట్టి మంచు మీద కాళ్లు వాటంతటవే ఎగిరాయి. వెనక గోళ్ల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. తిరిగి చూస్తే నక్క లేదు. నవ్వుకుంటూ ఒక మలుపు తిరిగాడు, దిగువకు దూసుకుపోయాడు, మళ్లీ ఎక్కి ఇంకో మలుపు తిరిగాడు. ఎదురుగా బాట మధ్యలో రాగెమ్మ పంజా నాక్కుంటూ కూర్చుని ఉంది.

వాడు గిరుక్కున తిరిగి వచ్చిన దారినే పరుగుతీశాడు. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఎగువ మలుపు, దిగువ మలుపు దాటేసరికి రాగెమ్మ వీపు కనబడింది. అది మెల్లగా ఇటు తిరిగింది.

"రా తమ్ముడూ. నాకేం తొందర లేదు. నువ్వెటు పోయినా నా దగ్గరికే."

జంతువుల దారి మేతకో నీళ్లకో పోతుంది. బయల్దేరిన చోటికే వచ్చే దారి మనుషులు తప్ప ఎవరూ వెయ్యరు. అలాంటిది ఉంటుందని పింజన్నకు ఏం తెలుసు?

వెనక సుయ్ సుయ్‌మని చప్పుడైంది. మనుషులు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వాడు ఉన్నచోటే చతికిలబడ్డాడు. అలా ఆగిపోయాకే మొదటిసారి రాగెమ్మ కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు వాడి మీద లేవు. బాట పక్కన మెత్తటి మంచు మీద ఉన్నాయి. వాడు ఎక్కడ అటు దూకుతాడోనని దానికీ భయమే.

పింజన్న దూకాడు.

రాగెమ్మ వెనకే దూకి మెడదాకా దిగబడింది. పళ్లు టక్కుమని మూసుకున్నాయి, వాడి తోకకు బెత్తెడు దూరంలో. ఇంకో గెంతు వేద్దామంటే పింజన్నకు కాళ్లు రాలేదు. దాని వేడి ఊపిరి వాడి బొచ్చుకు తగులుతోంది. అది ఎంత గింజుకుంటే అంత లోపలికి పోతోంది. మనుషుల్లో ఒకామె ఆగి, "అదిగో, నక్క" అని చెయ్యి చూపించింది. పక్కనే తెల్లగా, మంచుముద్దలా ఉన్న పింజన్న ఎవరికీ కనబడలేదు. రాగెమ్మ బెదిరి, ఈదినట్టు మంచును తోసుకుంటూ, ఖాళీ కడుపు ఈడ్చుకుంటూ చెట్లలోకి పోయింది.

మెత్తటి మంచు మీద బతికేవాడికి గట్టి బాటే గొయ్యి.

ఇంత జరిగినా, భయమేసినప్పుడు ముందు ఆగి చూడడం మాత్రం పింజన్నకు చేతకాలేదు. ఇప్పటికీ ముందు కాళ్లు పరుగెడతాయి, తర్వాతే కళ్లు తెరుచుకుంటాయి.