దస్తగిరిని పిలిచిన గురువారం

హుసేనప్పకు అన్నం సయించడం లేదు. వాళ్లమ్మ మంచం పట్టింది. కళ్లు తెరిచినప్పుడల్లా "పెద్దోడేడిరా?" అంటోంది. ఆ పెద్దోడు దస్తగిరి. నాయనతో పోట్లాడి ఇల్లు విడిచిపోయేటప్పటికి హుసేనప్ప చిన్నపిల్లాడు. ఆ తర్వాత మనిషి జాడే లేదు.

హుసేనప్ప మా కొండకింది దర్గాలో ఖాదర్ తాతకు శిష్యుడు. కంప్యూటర్ చదువు చదివొచ్చాడు. ఆ సంగతి మనమెక్కడ మరిచిపోతామోనని వాడే అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాడు లెండి.

ఆ గురువారం ఫోను పక్కన పడేసి, "లేడు తాతా. లోకమంతా జల్లెడ పట్టినా. బతికుంటే దొరికేవాడే" అన్నాడు.

"ఏమని వెతికినావు?"

"'మా అన్న దస్తగిరి ఎక్కడున్నాడు' అని. కుప్పలు కుప్పలుగా వచ్చినారు దస్తగిరులు. ఒక్కడూ మావోడు కాదు."

తాత ఫోను వైపు చూడనైనా లేదు. "పోయి మెట్ల మీద నిలబడి మీయన్నను పిలువు" అన్నాడు.

"ఈడ యాడుంటాడు తాతా?"

"పిలువప్పా."

మా వైపు ఈ దర్గాలో మొక్కుకున్నాక పుట్టిన మగపిల్లాడికి, ఏ కులమైనా సరే, దస్తగిరి అనే పేరు పెడతారు. గురువారం వచ్చిందంటే వాళ్లంతా ఇక్కడే. ఇక చూసుకోండి! హుసేనప్ప "దస్తగిరీ!" అని ఒక్క కేక పెట్టాడో లేదో, చక్కెర చదివించి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడు, బస్సు కండక్టరు, పూలమ్మేవాడు, అందరూ ఇటు తిరిగారు.

"ఏందప్పా, పిలిచి గుడ్లప్పగించి చూస్తావు?" అని ఒక ముసలాయన కసురుకున్నాడు.

హుసేనప్ప తలొంచుకుని తిరిగొచ్చాడు.

"దావన పోయేవాడు మీయన్నను చూసినాడనుకో. ఇంటికి పోయి పెండ్లాంతో ఏమని చెప్తాడు?" అని అడిగాడు తాత.

"నల్లగా, పొడుగ్గా..."

"ఈడ అందరమూ నలుపే. ఇంకా?"

హుసేనప్ప మెల్లగా చెప్పాడు. "నాదస్వరం వాయిస్తాడు తాతా. నాయనకు అదే కోపం, పరుపులు కుట్టకుండా మేళాల వెంబడి తిరుగుతాడని. కుడిచేతికి చిటికెన వేలు లేదు. అందుకే వాయించేటప్పుడు అందరూ కింద పెట్టే కుడిచెయ్యి మాయన్న పైన పెడతాడు."

"వేలేమైంది?"

"నేను దూదేకే మిషన్లో చెయ్యి పెట్టబోతే లాగి అవతల పడేసినాడు. ఆయన వేలు పోయింది." అనేసి వాడు వలవలా ఏడ్చాడు. "ఇంత తెలిసీ ఉత్త పేరు పట్టుకుని తిరిగినానే తాతా!"

తాత ఫోను తీసి వాడి చేతిలో పెట్టాడు.

ఈసారి 'మా అన్న' అనలేదు, 'ఎక్కడున్నాడు' అనలేదు. 'చిటికెన వేలు లేని నాదస్వరం దస్తగిరి' అని కొట్టాడు. ఎవరో అవే మాటలు రాసి పెట్టిన తిరునాళ్ల వీడియో ఒకటి వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి బుగ్గలు పూరించి వాయిస్తున్నాడు. కుడిచెయ్యి పైన ఉంది. వీడియో కింద మేళంవాళ్ల నంబరుంది.

హుసేనప్ప అక్కడికక్కడే ఫోను చేశాడు.

"ఎవరప్పా?" అంది అవతలి గొంతు.

"హుసేనప్పను."

"ఏ హుసేనప్ప?"

"నువ్వు మిషను దగ్గర్నుంచి లాగినోణ్ణి."

అవతల డోలు శ్రుతి చేస్తున్న చప్పుడొక్కటే వస్తోంది. చాలాసేపటికి, "అమ్మ ఎట్లుందిరా?" అని వినబడింది.

హుసేనప్ప ఫోను తాత చేతికివ్వబోయాడు.

తాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అడిగింది నిన్ను. చెప్పు."